కాళ్ళ కింద ఉప్పాడ



సముద్రం ఒడ్డుకు వెళ్ళినవాళ్ళలో నూటికి తొంభైమంది నీళ్ళ వైపు తిరిగి నిలబడతారు. కాళ్ళు తడుపుకుంటారు, ఫోటోలు దిగుతారు, కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి కొనుక్కుని ఇంటిదారి పడతారు. అందులో తప్పేమీ లేదు. నీళ్ళు అంత పెద్దగా ఎదురుగా ఉంటే ఎవరి కళ్ళయినా అటే పోతాయి. కానీ తొందర లేని సెలవు పూట ఒకటి చేతికి దొరికినప్పుడు ఇంకో రకం షికారు ఉంది. చూపు కొంచెం కిందికి దించి, ఇసుకను చూసుకుంటూ నడవడం. సముద్రం ఏం చేస్తోందో, ఏం చేసిందో సముద్రం మొహం చూస్తే తెలియదు, ఇసుక చూస్తే తెలుస్తుంది. ఇవాళ ఆ నడక గురించే మీతో మాట్లాడతాను. నడిచే ఊరు ఉప్పాడ.

ఉప్పాడ అనగానే మీలో సగంమందికి చీర గుర్తొచ్చి ఉంటుంది. ఆ ఉప్పాడే. కాకినాడకు ఉత్తరాన, సముద్రానికి ఆనుకుని ఉన్న పల్లె. మా అత్తవారిది పిఠాపురం. సంక్రాంతికి వెళ్ళిన అల్లుడికి తినడం, పడుకోవడం తప్ప వేరే ఉద్యోగం ఉండదు. కొత్త అల్లుడి హోదా పోయి చాలా కాలమైంది కనుక, తెల్లవారకుండానే లేచి ఊళ్ళు పట్టుకు తిరిగినా ఎవరూ అడ్డు చెప్పరు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ సామెతను గౌరవించి కనుమ దాటనిచ్చి, మర్నాడు నేనూ, మా బావమరిదీ, ఎనిమిదో తరగతి చదివే వాళ్ళమ్మాయీ బయల్దేరతాం. పొట్లంలో నాలుగు పాకుండలు, సీసాలో నీళ్ళు. కొత్తపల్లి మీదుగా వెళ్తే మంచు విడవకముందే ఒడ్డున ఉంటాం.

ఉప్పాడ వెళ్ళేవాళ్ళు ముందుగా చూసుకోవలసింది పోటు వేళ. పోటు మీద వెళ్తే అక్కడ చాలా చోట్ల బీచ్ అనేదే ఉండదు, కెరటం నేరుగా రాళ్ళ కట్టకు వచ్చి కొడుతుంది. నీళ్ళు వెనక్కి తీసిన వేళకు వెళ్తేనే నడవడానికి నేల దొరుకుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఇవాళ ఆరింటికి నీళ్ళు బాగా లాగితే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా లాగుతాయి, ఎల్లుండి ఇంకో యాభై. అమావాస్యకూ పున్నానికీ పోటు ఎక్కువ, ఆటూ ఎక్కువే. అష్టమి ప్రాంతాల్లో రెండూ మందంగా ఉంటాయి. ఇప్పుడు ఫోనులో అన్నీ వస్తున్నాయి గానీ, తిథి చెబితే పోటు వేళ చెప్పేసే ముసలివాళ్ళు ఈ తీరంలో ఇప్పటికీ ఉన్నారు. పంచాంగం పురోహితుడికే కాదు, పడవవాడికీ కావాలి.

నీళ్ళు లాగిన ఒడ్డు మీద మొదట కంటపడేది నల్లటి చారలు. ఎవరో బొగ్గుపొడి చల్లిపోయారేమో అనిపిస్తుంది. చాలామంది దాన్ని మురికి అనుకుని పక్కనుంచి నడుస్తారు. మా బావమరిది కూతురు స్కూలుకు పట్టుకెళ్ళే పెన్సిలు డబ్బా మూతకు అయస్కాంతం ఉంటుంది. దాన్ని ఆ నల్ల ఇసుక మీద ఇలా ఆడించి తీసింది. మూత అంచంతా నల్లటి నూగు లేచి నిలబడింది. ఊదితే పోదు, దులిపితే పోదు, వేలితో తుడిస్తే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతుంది. "మావయ్యా, ఇసుకలో ఇనుముందా?" అంది. ఉంది. మాగ్నటైట్ అంటారు, ఇనుప ఖనిజమే. దానితో పాటు ఇల్మనైట్ అని ఇంకో నల్ల రేణువు, గార్నెట్ అని దానిమ్మ గింజ రంగు రేణువు కూడా ఉంటాయి. అరచేతిలో పోసుకుని ఎండకు పెట్టి చూస్తే ఆ ఎర్రవి మెరుస్తాయి.

ఇవి ఇక్కడివి కావు. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో పడుతుంది. మధ్యలో మహారాష్ట్ర నల్లరాతి నేలలు, తెలంగాణ మైదానాలు, పాపికొండలు. దారి పొడుగునా అరిగిన రాళ్ళన్నీ పొడై నదితో దిగుతాయి. సముద్రం వాటిని పుచ్చుకుని మన ఆడవాళ్ళు చేటతో బియ్యం చెరిగినట్టు చెరుగుతుంది. తేలికైన తెల్ల ఇసుక నీళ్ళతో వెనక్కి పోతుంది, బరువైన నల్ల రేణువులు ఒడ్డునే దిగబడిపోతాయి. తుఫాను వెళ్ళిన మర్నాడు ఈ నల్ల చారలు మరీ మందంగా కనబడడానికి కారణం అదే. తమాషా ఏమిటంటే, నల్లటి ఆ ఇల్మనైట్ నుంచే టైటానియం డయాక్సైడ్ తీస్తారు. మన గోడలకు వేసే తెల్ల పెయింటుకు తెలుపు దాని వల్లే వస్తుంది.

ఇంకొంచెం నీళ్ళ వైపు దిగితే తడి ఇసుక మీద చిన్న చిన్న ఉండలు. ఆవగింజ కంటే పెద్దవి, శనగగింజ కంటే చిన్నవి. ఒక బెజ్జం చుట్టూ వరసలు వరసలుగా, ముగ్గుబుట్టతో ఎవరో కూర్చుని పెట్టిపోయినంత శ్రద్ధగా ఉంటాయి. అడుగుల చప్పుడుకు ఆ ఉండలు చేసినవాళ్ళందరూ బెజ్జాల్లోకి దూరిపోతారు. కదలకుండా ఒక్కచోట గొంతుక్కూర్చోవాలి. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు, మోకాళ్ళు నొప్పెడతాయి. అప్పుడు ఒక బెజ్జంలోంచి గోరంత పీత పైకొస్తుంది. రెండు డెక్కలతో ఇసుక తీసి నోట్లో పెట్టుకుంటుంది. ఇసుకను అంటిపెట్టుకున్న నాచూ, సూక్ష్మజీవులూ దాని ఆహారం. తినగలిగింది తిని, మిగిలిన ఇసుకను ఉండగా చేసి, కాలితో వెనక్కి తోసేస్తుంది. మళ్ళీ ఒక డెక్క ఇసుక, మళ్ళీ ఒక ఉండ. ఒకసారి తిన్న ఇసుకను పొరపాటున మళ్ళీ తినకుండా ఉండడానికే ఆ ఉండలు అలా పక్కన పెడుతుంది. పోటు రాగానే ఉండలన్నీ కరిగి ఒడ్డు నున్నగా అయిపోతుంది. నీళ్ళు తీయగానే మళ్ళీ మొదలు. మా బావమరిది దీన్ని చూసి, "మా ఆఫీసులో పనీ ఇంతేనండి బావగారూ" అన్నాడు. అతను ఏ ఆఫీసో చెప్పను.

గవ్వలు ఏరుకునే అలవాటు ఉన్నవాళ్ళకు ఒక సంగతి. ఆల్చిప్పలు కొన్నిటికి ముడ్డి దగ్గర గుండ్రటి చిన్న చిల్లు ఉంటుంది. దండ గుచ్చుకోవడానికి ఎవరో డ్రిల్లు పెట్టారనుకునేంత నున్నటి చిల్లు. అది హత్య ఆనవాలు. గుండ్రటి నత్త జాతి ఒకటి ఇసుక కింద పాకుతూ వచ్చి ఆల్చిప్పను కాళ్ళతో కాదు, తన మెత్తటి ఒంటితో చుట్టేసుకుంటుంది. ఒక రకం ద్రవం వదిలి చిప్పను మెత్తబరుస్తుంది, ఆకురాయి వంటి నాలుకతో గీకుతుంది. గంటల కొద్దీ పని. చిల్లు పడ్డాక లోపలిదాన్ని తినేసి పోతుంది. చిల్లున్న చిప్పలూ చిల్లు లేని చిప్పలూ వేరుగా పోస్తూ కూర్చుంటే, ఆ ఒడ్డున ఎన్ని చావులు ఆ నత్త చేతిలో జరిగాయో ఒక లెక్క వస్తుంది. బావమరిది కూతురు అలాగే పోసింది. చిల్లున్న కుప్ప చిన్నదేమీ కాలేదు.

జనవరి నుంచి మార్చి వరకూ ఈ తీరానికి ఇంకో అతిథి వస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేలు. ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, నూటికి పైగా గుడ్లు పెట్టి, పూడ్చేసి, వెనక్కి చూడకుండా పోతుంది. మిగతా పని ఇసుకది. నలభై అయిదు నుంచి అరవై రోజులు ఆ వెచ్చదనంలోనే గుడ్లు పొదుగుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. పుట్టేది ఆడో మగో ఇసుక నిర్ణయిస్తుంది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలండ్ మీద ఇవి గుడ్లు పెడతాయి. ఉప్పాడ ఒడ్డున మనకు ఎక్కువగా కనబడేది చచ్చి కొట్టుకొచ్చిన తాబేలే. గాలి కోసం పైకి రావలసిన జీవి, ట్రాలర్ వలలో చిక్కుకుని ఊపిరాడక పోతుంది. వలలోంచి తాబేలు మాత్రం జారిపోయేలా ఒక చట్రం బిగించే ఏర్పాటు ఉంది. బిగించాలనే నిబంధనా ఉంది. ఒడ్డున పడి ఉన్న ఆ డిప్పలు చూస్తే నిబంధన ఎంతవరకు నీళ్ళలోకి దిగిందో తెలుస్తుంది.

ఏడు గంటలయ్యేసరికి ఒడ్డు మేలుకుంటుంది. నిజానికి వాళ్ళు రాత్రంతా మేలుకునే ఉన్నారు, అప్పుడే వచ్చింది మనం. రెండు మోకులు పట్టుకుని రెండు జట్లు వెనక్కి వెనక్కి అడుగులేస్తుంటే అది అలివి వల అని గుర్తు. కొన్నిచోట్ల పెద్దవల అని కూడా అంటారు. ఒక మోకు కొస ఒడ్డున వదిలి, పడవ మీద వల తీసుకెళ్ళి, సముద్రంలో అర్ధచంద్రాకారంగా దింపుతూ తిరిగి ఒడ్డుకొచ్చి రెండో కొస ఇస్తారు. ఆ తర్వాత అంతా ఒడ్డు మీది వాళ్ళ నడుముల బలం. ముసలివాళ్ళు, కుర్రాళ్ళు, ఒకరిద్దరు స్కూలు పిల్లలు కూడా మోకు పట్టుకుంటారు. ఒక చోటి నుంచి మొదలుపెట్టి వెనక్కి నడిచి, మోకు వదిలేసి, మళ్ళీ నీళ్ళ దాకా వచ్చి ముందు భాగం అందుకుంటారు. రెండు జట్లూ నెమ్మదిగా ఒకదానికొకటి దగ్గరవుతుంటాయి. చూసేవాళ్ళకు చాలా బాగుంటుంది. లాగేవాళ్ళ అరచేతులు చూడండి. మోకు ఒరిపిడికి చర్మం పసుపుపచ్చగా, గట్టిగా, గీతలన్నీ అరిగిపోయి ఉంటుంది.

"మేమూ ఓ చెయ్యి వేస్తాం బాబాయ్" అన్నాడు మా బావమరిది.

"ఎయ్యండి బాబూ. వాటా మటుకు అడక్కండి" అన్నాడు ముందున్న పెద్దాయన.

అందరూ నవ్వారు గానీ ఆ వాటా నవ్వులాట సంగతి కాదు. పడ్డ చేపను అమ్మిన డబ్బులో వల ఉన్నవాడిది ఒక భాగం, పడవది ఒక భాగం, మిగిలింది లాగినవాళ్ళు పంచుకుంటారు. ముప్ఫైమంది లాగిన వలలో తట్టెడు చేప పడితే తలా ఎంతొస్తుందో మీరే ఊహించండి. ఆ రోజు వల సంచి ఒడ్డుకు చేరేసరికి లోపల తెల్లగా తళతళమంటూ నెత్తళ్ళు, కొన్ని కవళ్ళు, నాలుగైదు కానాగంతలు, రెండు పీతలు, అరటిపండు తొక్కంత సావిడాయి ఒకటి. వాటి మధ్య జిగురుజిగురుగా జెల్లీచేపలు, వాటితో సమానంగా పాలప్యాకెట్లు, షాంపూ పొట్లాలు. ఒక ముసలమ్మ వాటిని వేరు చేస్తూ కూర్చుంది. జెల్లీచేపను చేటతో తోసి పారేస్తోంది. పాలప్యాకెట్టును మాత్రం విసుక్కుంటూ చేత్తో తీసి పక్కన పెడుతోంది. "అది కుట్టుద్ది, ఇది కుట్టదు. కుట్టేదాన్నయినా ఏం చెయ్యాలో తెలుసు" అంది.

అవతల ఫైబర్ పడవలు వస్తుంటాయి. కెరటాల వరస దాటించి పడవను ఒడ్డుకు ఎక్కించడం ఒక విద్య. ఇంజను ఎప్పుడు ఆపాలి, ఏ కెరటం మీద రావాలి, ఏ కెరటాన్ని వదిలేయాలి. తప్పితే పడవ అడ్డం తిరుగుతుంది. ఒకప్పుడు దుంగలు కట్టిన తెప్పలుండేవి. కెరటం మీద పడ్డా మునగవు, నీళ్ళు సందుల్లోంచి పోతాయి. ఇప్పుడు తెప్పల చోటు చాలావరకు ఫైబర్ ఆక్రమించింది.

ఈ మాటలు రేడియోలో చెబుతున్నాను కనుక ఇంకో మాట. పాటలూ నాటకాలూ వినడానికి మనం రేడియో పెట్టుకున్న రోజుల్లో, ఈ తీరంలో వాతావరణ హెచ్చరిక కోసం పెట్టుకునేవాళ్ళు. వేటకు వెళ్ళవద్దు అన్న ఒక్క వాక్యం కోసం ఊరు ఊరంతా చెవి ఒగ్గేది. 1996 నవంబరు 6న కాకినాడ పక్కన తుఫాను తీరం దాటినప్పుడు వేటలో ఉన్న మత్స్యకారులు ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ ఏడాది మాట వస్తే ఒడ్డున ఉన్న పెద్దవాళ్ళు ఇప్పటికీ మాట మార్చేస్తారు. ఇవాళ హెచ్చరిక సెల్‌ఫోనుకు వస్తోంది. చేప ఎక్కడుందో కూడా వస్తోంది. హైదరాబాదుకు సముద్రం లేదని మనం వెక్కిరిస్తాం గానీ, 1999 నుంచి అక్కడే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సముద్రాన్ని కనిపెట్టుకుని ఉంది. ఉపగ్రహాల నుంచి నీటి వేడినీ, నీటి రంగునూ చూసి, నాచు ఎక్కడ పెరిగిందో కనుక్కుని, నాచు ఉన్నచోట చేప చేరుతుంది కనుక, ఏ దిక్కున ఎంత దూరం, ఎంత లోతులో వేటాడితే మంచిదో తీరం అంతటికీ సమాచారం పంపుతుంది. అది నిజంగా పనికొస్తుందా అని ఒక కుర్రాణ్ణి అడిగాను. "వస్తదండి. అక్కడికి అందరూ పోతారు, అదే బాధ" అన్నాడు.

ఇక ఉప్పాడ ఇసుకలో అన్నిటికంటే ఎక్కువ పేరొచ్చిన వస్తువు బంగారం. నవ్వకండి. తుఫాను వెళ్ళిన మర్నాడు ఈ ఒడ్డున ఆడవాళ్ళూ పిల్లలూ వంగి ఇసుక గీకుతూ ఉండడం పత్రికల్లో చూసే ఉంటారు. 2020లో నివర్ తుఫాను తర్వాత దేశమంతా ఆ ఫోటోలు తిరిగాయి. తుఫాను లేని రోజున కూడా ఒకరిద్దరు కనబడతారు. మేము చూసినావిడ చెంగు బొడ్లో దోపుకుని, చిన్న పళ్ళెంతో నల్ల ఇసుక పొరను పైపైన గీకి, నీళ్ళతో కడిగి, పళ్ళెం వంచి చూసి, ఒలకబోస్తోంది. ఆమె ఎంచుకున్నది కూడా ఆ నల్ల చారే. బరువైనవన్నీ ఒకేచోట దిగబడతాయని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు.

"దొరుకుద్దా అక్కా?" అని అడిగింది బావమరిది కూతురు.

"దొరికితే ఈ ఎండలో నీతో మాట్టాడతానా తల్లీ" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఎప్పుడో ఒక పలుకు దొరుకుతుంది. ఆ పలుకు సముద్రంలో పుట్టింది కాదు. మనవాళ్ళు ఇల్లు కట్టినా గుడి కట్టినా పునాదిలో చిన్న బంగారు ముక్క వేస్తారు కదా, ఆ ఇళ్ళవీ ఆ గుళ్ళవీ అని ఊళ్ళోవాళ్ళు చెబుతారు. అంటే ఆవిడ పళ్ళెంలో వెతుకుతున్నది పాత ఉప్పాడను. ఒడ్డున నిలబడి ఏ పెద్దవాణ్ణి అడిగినా చెయ్యి చాచి నీళ్ళలోకి చూపిస్తాడు. అదుగో అక్కడ గుడి ఉండేది, ఆ పడవ ఉన్నచోట మా తాత ఇల్లు, దానికి అవతల కొబ్బరితోట. చూపించిన చోటల్లా కెరటాలే. ఒడ్డునే మొండిగోడలూ, సగం విరిగిన మెట్లూ, నేల జారిపోయి గాలిలో వేలాడుతున్న సిమెంటు పలకలూ మన కళ్ళకు కనబడతాయి. కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డు తుఫాను వచ్చినప్పుడల్లా కోసుకుపోతుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ పోతుంది. రాళ్ళు పోశారు. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులతో జియోట్యూబు గోడ కట్టారు. అదీ చాలాచోట్ల చిరిగి, కుంగిపోయింది.

సముద్రానికి ఉప్పాడ మీద పగ ఏమీ లేదు. లెక్క అంతా ఇసుకది. మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట ఉండదు, నడుస్తుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా కెరటాలు ఏటవాలుగా తగిలి ఇసుకను ఉత్తరం వైపు నెట్టుకుపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొంత వెనక్కి తెస్తాయి. మొత్తం మీద చూస్తే ఏటా ఉత్తరానికి పోయేదే ఎక్కువ. పోయినంత ఇసుక దక్షిణం నుంచి వచ్చి పడితే ఒడ్డు నిలుస్తుంది, రాకపోతే తరుగుతుంది. ఉప్పాడకు రావలసింది గోదావరి నోటి దగ్గర నుంచి రావాలి. అక్కడ గత రెండు వందల ఏళ్ళలో ఆ ఇసుకే ఒక నాలుకగా సాగి, పదహారు కిలోమీటర్ల హోప్ ఐలండ్ అయింది. దాని చాటున కాకినాడ రేవు హాయిగా ఉంది, కోరంగి మడ అడవులు బతికాయి. ఆ చాటు అయిపోయిన చోట ఉప్పాడ ఉంది. ఇసుక అక్కడ ఆగిపోయింది, కెరటం మాత్రం ఇక్కడికి వస్తోంది. పైగా జాయక్‌వాడి నుంచి శ్రీరాంసాగర్ దాకా నది పొడుగునా కట్టిన ఆనకట్టల వెనక మట్టీ ఇసుకా నిలిచిపోతున్నాయి. పొలాలకు నీళ్ళిచ్చినందుకు ఆనకట్టలను తిట్టలేం. వాటి బాకీ ఎవరు తీరుస్తున్నారో తెలుసుకోవడం మాత్రం మర్యాద.

గోడ కడితే ఒక ఊరు నిలుస్తుంది, పక్క ఊరు పోతుంది. ఇది ఊహ కాదు, ఊళ్ళు సాక్ష్యం చెబుతాయి. మద్రాసులో హార్బరు గోడలు కట్టాక దక్షిణం వైపు ఇసుక పేరుకుంది. ఇవాళ మనం మురిసిపోయే మెరీనా వెడల్పు అలా వచ్చిందే. అదే హార్బరుకు ఉత్తరాన రాయపురం ఒడ్డు కోసుకుపోయింది. విశాఖలో రేవు నోట్లో ఇసుక పడకుండా 1930ల్లో రెండు పాత ఓడలను ముంచి అడ్డు పెట్టారు. ఇప్పటికీ అక్కడ ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి రామకృష్ణా బీచ్ వైపు పోస్తుంటారు. ఆ బీచ్‌లో బజ్జీలు తింటూ కూర్చున్న వాళ్ళలో ఎంతమందికి తాము కూర్చున్న ఇసుక అలా తెచ్చిపోసిందని తెలుసో! ఉప్పాడకూ రాళ్ళు పోయడం కంటే ఇసుక పోయడమే మేలని నా అభిప్రాయం. ఖర్చు ప్రతి ఏడూ ఉంటుంది, నిజమే. రోడ్డు ఖర్చు మాత్రం ప్రతి ఏడూ ఉండడం లేదూ?

తొమ్మిది దాటితే జనవరి ఎండ కూడా చురుక్కుమంటుంది. అప్పుడు ఒడ్డు వదిలి ఊళ్ళోకి నడవాలి. ఇసుక నేలకు బాలబంద తీగ అల్లుకున్న చోట్లు, సరుగుడు తోట, దాని వెనక ఇళ్ళు. ఒక వీధిలో వలలు బాగుచేస్తుంటారు, రెండు వీధుల అవతల చీరలు నేస్తుంటారు. రెండూ దారాన్ని నమ్ముకున్న పనులే. జామ్దానీ మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. నేత నడుస్తుండగానే పువ్వు రావలసిన చోటల్లా చిన్న చిన్న కండెల మీది జరీని చేత్తో పడుగులో దూర్చి, తిప్పి, బయటికి తీస్తారు. ఒక పోగు అయ్యాక ఇంకో పోగు. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో నడవాలి, లేకపోతే పువ్వు ఒక పక్కకు ఒరుగుతుంది. చీర వెనక్కి తిప్పి చూస్తే అక్కడా అదే పువ్వు, తెగిన పోగులు వేలాడవు. పనితనాన్ని బట్టి ఒక చీరకు వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఉప్పాడ జామ్దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకు చూపించిన నేతగాడు చీర ధర చెప్పాడు. మా బావమరిది "బాగుందండి" అని లేచాడు. "అమ్మగారితో రండి బాబూ, అప్పుడు మాట్టాడుకుందాం" అన్నాడాయన. మగవాళ్ళు చీర కొనరని ఆయనకు అనుభవం.

చేప కొనకుండా ఉప్పాడ నుంచి ఎవరూ తిరిగి వెళ్ళరు. ఒడ్డునే పాట అవుతుంది. కుప్ప నేల మీద పోస్తారు, ఒకాయన ధర అరుస్తుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు కనుసైగతో పాడతారు, రెండు నిమిషాల్లో కుప్ప ఐసుపెట్టెలోకి పోతుంది. మనకు ఆ వేగం అందదు. మనం గంప దించుకు కూర్చున్న ఆడమనిషి దగ్గర కొనుక్కోవాలి. చందువా జత ధర విని మా బావమరిది సగానికి అడిగాడు. ఆమె చేప మొప్ప ఎత్తి ఎర్రగా ఉన్న లోపలి భాగం చూపించి, "రక్తం ఆరలేదు. పిఠాపురంలో కొన్నదానికి ఇలా చూడండి ఒకసారి. అప్పుడొచ్చి బేరమాడండి" అంది. ఇంకేం మాట్లాడతాం! కోయించి, కడిగించి పట్టుకొచ్చాం.

మీలో ఎవరైనా వెళ్ళదలిస్తే చలికాలం మంచిది. కాకినాడ నుంచి బస్సులూ ఆటోలూ ఉన్నాయి. వాతావరణం బాగా లేదని చెప్పిన రోజున బీచ్ రోడ్డు మీద వెళ్ళకండి, అది ఎక్కడ తెగిందో దగ్గరికి వెళ్తే గానీ తెలియదు. స్నానానికి దిగకండి, నీళ్ళ కింద కూలిన గోడల రాళ్ళుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవల వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుని ఉంటాయి, ఇంజను లేని తెప్పలు తెచ్చిందే చేప. అప్పుడు వెళ్తే చందువాకు మేము ఇచ్చిన ధర మీకు చవగ్గా కనబడుతుంది. పిల్లలుంటే ఒక అయస్కాంతం ముక్క పట్టుకెళ్ళండి, గంటసేపు మిమ్మల్ని ఏమీ అడగరు.